కోర్మియే కథలో బీజింగ్ ఆస్పత్రిని వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ క్రీడా పేజీలో అమెరికా ఫైటర్ డేనియల్ కోర్మియే గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. వ్యాసం బాగుంది, ఫొటోలూ బాగున్నాయి, మా స్కూలు పిల్లలు ఆ పేజీ కత్తిరించి క్రీడా సామాను పెట్టుకునే గది గోడకు అంటించుకున్నారు కూడా. కానీ సార్, యూఎఫ్‌సీ అనే పెద్ద ఫైటింగ్ సంస్థలో గెలిచిన రెండు బెల్టులు, నాకౌట్లు, ప్రత్యర్థులతో గొడవలు అన్నీ విడమరిచి రాసి, అంతకు ముందు ఆ మనిషి ఏం చేశాడన్నది మాత్రం ఒకప్పుడు ఒలింపిక్స్‌లో కుస్తీ పట్టాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. కోర్మియే మొదటి ఎంఎంఏ (కుస్తీ, బాక్సింగ్ లాంటివన్నీ కలిపి ఆడే పోరు) ఫైట్ 2009 సెప్టెంబరులో, అప్పటికి అతని వయసు 30. ముప్పై ఏళ్ళ మనిషి కథ ముప్పై దగ్గర ఎలా మొదలవుతుంది?

నేను నిజామాబాద్ జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మాది బోధన్ వైపు ఊరు, జాతర వస్తే కుస్తీలు ఉండాల్సిందే. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని కొబ్బరికాయ కుస్తీ దగ్గర మొదలుపెట్టి పొద్దుగూకే వేళ వెండి కడెం కుస్తీ దాకా చూసేవాణ్ణి. మట్టి గోదా పోయి మ్యాట్ వచ్చాక ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు రెజ్లింగ్ నేర్పుతున్నాను. మా పిల్లలకు కోర్మియే ఫైట్లన్నీ కంఠతా వచ్చు, ఫోన్‌లో చూస్తారు. అతను ఎలా తయారయ్యాడో మాత్రం ఒక్కరికీ తెలియదు. అందుకే మీరు వదిలేసిన భాగం నాకు తెలిసినంత వరకు రాస్తాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

లూసియానా రాష్ట్రంలో లాఫయెట్ అనే ఊరు అతనిది, 1979లో పుట్టాడు. ఏడేళ్ళ వయసులో, థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజు తండ్రిని కాల్చి చంపేశారు. పండగ పూట ఇంట్లో జరిగిన చావు ఏడేళ్ళ పిల్లాడి మీద ఎంత బరువు వేస్తుందో తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పిల్లాడు బడి కుస్తీ గదిలోకి వెళ్ళాడు. లూసియానా అంటే అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న రాష్ట్రం, కుస్తీకి అక్కడ అయోవా, ఓక్లహోమాల్లో ఉన్నంత ఆదరణ లేదు. అయినా నార్త్‌సైడ్ హైస్కూల్ తరఫున మూడుసార్లు రాష్ట్ర ఛాంపియన్ అయ్యాడు. 101 గెలుపులు, 9 ఓటములు, గెలిచినవాటిలో 89 ప్రత్యర్థిని చిత్ చేసి గెలిచినవే. ఫుట్‌బాల్ కూడా బాగా ఆడేవాడు. సొంత రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీ ఎల్ఎస్‌యూ ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇస్తానన్నా కాదని కుస్తీనే పట్టుకున్నాడు. డబ్బూ పేరూ ఉన్న ఆటను వదిలి, ఒలింపిక్స్ అప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాని ఆటను పట్టుకోవడం అంటే ఏమిటో మన దగ్గర క్రికెట్ పక్కన కుస్తీ నేర్పే నాలాంటివాడికి బాగా తెలుసు.

తర్వాత కాన్సస్‌లో కోల్బీ కమ్యూనిటీ కాలేజీ. పెద్ద పేరున్నదేం కాదు, మన జూనియర్ కాలేజీ లాంటిది అనుకోండి. రెండేళ్ళలో 61 బౌట్లు ఆడి 61 గెలిచాడు, 1998, 1999 రెండేళ్ళూ జూనియర్ కాలేజీల జాతీయ టైటిల్ అతనిదే. అక్కడి నుంచి ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. అమెరికా కాలేజీ కుస్తీలో ఓక్లహోమా స్టేట్ అంటే పెద్ద తాలింఖానా కింద లెక్క. ఒక్క ఓటమీ లేకుండా వచ్చిన కుర్రాడికి అక్కడ ఎదురుపడ్డవాడు కేల్ శాండర్సన్.

శాండర్సన్ గురించి కాస్త చెప్పాలి. అయోవా స్టేట్ తరఫున నాలుగేళ్ళు ఆడి 159 బౌట్లు గెలిచి ఒక్కటీ ఓడనివాడు, అమెరికా కాలేజీ కుస్తీలో అలాంటి రికార్డు అతనిదొక్కడిదే. కోర్మియేది కూడా అదే బరువు, 184 పౌండ్లు, అంటే 83 కిలోల పైచిలుకు. 2001 జాతీయ ఫైనల్లో ఇద్దరూ తలపడ్డారు, శాండర్సన్ గెలిచాడు. ఓక్లహోమా స్టేట్‌లో కోర్మియే మొత్తం రికార్డు 53 గెలుపులు, 10 ఓటములు. ఆ పదిలో ఆరు ఒక్క శాండర్సన్ చేతిలోనే. ఒకే మనిషి చేతిలో ఆరుసార్లు! మా పిల్లలు ఒకే ప్రత్యర్థితో రెండోసారి ఓడితే మూడోసారి ఎవరితో ఎవరన్న జాబితాలో ఆ పేరు చూడగానే ముఖం మాడ్చుకుంటారు, కడుపు నొప్పి అంటారు, సార్ ఈసారి వెయిట్ కేటగిరీ మారుస్తారా అని అడుగుతారు. కోర్మియే మళ్ళీ మళ్ళీ అదే మనిషి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. నాకైతే అతని బెల్టులకంటే ఈ ఆరు ఓటములే ఎక్కువ చెప్తాయి. ఆ టైటిల్ ఇక ఎప్పటికీ రాలేదు, కాలేజీ అయిపోయింది.

కాలేజీ అయ్యాక బరువు పెంచి ఒలింపిక్స్‌లో ఆడే ఫ్రీస్టయిల్ కుస్తీలో 96 కిలోల్లోకి వచ్చాడు. ఇక్కడ 2003 సంవత్సరం గురించి ఆగి చెప్పాలి. ఆ ఏడాది జూన్ 14న అతని మూడు నెలల కూతురు కారు ప్రమాదంలో చనిపోయింది, వాళ్ళ కారును పెద్ద ట్రక్కు వెనక నుంచి గుద్దింది. మూడు నెలల పాప సార్. ఆగస్టులో శాంటో డొమింగోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో అతను స్వర్ణం గెలిచాడు. సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 5వ స్థానం. ఆ మూడు నెలలు అతను రోజూ పొద్దున్నే లేచి ఎలా ప్రాక్టీసుకు వెళ్ళాడో నేను ఊహించలేను. పిల్లను పోగొట్టుకున్నవాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు, ఏడాది గడిచినా గడప దాటలేదు. అందుకని దీన్ని ధైర్యం, పట్టుదల అని పెద్ద మాటలతో అలంకరించడం నాకిష్టం లేదు. జరిగింది జరిగినట్టు మీ వ్యాసంలో రెండు వాక్యాలు ఉండాల్సింది అంతే.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. సెమీస్‌లో రష్యా మల్లయోధుడు ఖాజిమురాత్ గత్సలోవ్ చేతిలో ఓడాడు, ఆ గత్సలోవ్‌కే స్వర్ణం వచ్చింది. కాంస్యం కోసం ఇరాన్‌కు చెందిన అలీరెజా హైదరీతో ఆడి అదీ ఓడాడు. నాలుగో స్థానం. అదే ఒలింపిక్స్‌లో 84 కిలోల్లో స్వర్ణం ఎవరు గెలిచారో తెలుసా? కేల్ శాండర్సన్. కాలేజీలో ఆరుసార్లు ఓడించినవాడు మెడలో బంగారంతో, ఇతను ఉత్త చేతులతో ఒకే దేశానికి తిరిగి వెళ్ళారు.

నాలుగో స్థానం గురించి మనకు చెప్పాలా? 1960 రోమ్‌లో మిల్ఖా సింగ్, 1984 లాస్ ఏంజెలెస్‌లో సెకనులో వందో వంతు తేడాతో పీటీ ఉష, చేజారిన ఆ పతకాల గురించి ఇప్పటికీ ఇంట్లో మనిషి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటాం. మన పత్రికలు వాళ్ళ నాలుగో స్థానాన్ని గౌరవంగా రాస్తాయి. మరి కోర్మియే విషయానికి వచ్చేసరికి ఆ నాలుగో స్థానం దాచిపెట్టాల్సిన సంగతి ఎలా అయింది?

ఏథెన్స్ తర్వాత కూడా ఏటా అమెరికా జట్టులో ఉన్నాడు. 2003 నుంచి 2008 దాకా వరుసగా ఆరేళ్ళు తన బరువులో దేశం తరఫున అతనే. 2005లో సైబీరియాలోని క్రస్నోయార్స్క్‌లో యారిగిన్ టోర్నీ గెలిచాడు. రష్యావాళ్ళు తమ గడ్డ మీద బయటివాళ్ళను తేలిగ్గా గెలవనిచ్చే టోర్నీ కాదది. 2007లో బాకూలో ప్రపంచ కాంస్యం వచ్చింది.

ఇక బీజింగ్. మీ వ్యాసంలో ఈ మాటే లేదు, నా ఉత్తరం అసలు దీని కోసమే.

2008 ఆగస్టు 20 మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజే సుశీల్ కుమార్ 66 కిలోల్లో కాంస్యం గెలిచాడు. 1952లో కేడీ జాదవ్ తర్వాత 56 ఏళ్ళకు కుస్తీలో మనకొచ్చిన ఒలింపిక్ పతకం అది, మా స్కూల్లో స్వీట్లు పంచాం. సరిగ్గా ఆ రోజే అదే బీజింగ్‌లో అమెరికా కుస్తీ జట్టు కెప్టెన్ డేనియల్ కోర్మియే 96 కిలోలు తూగడానికి ఒంట్లో నీళ్ళన్నీ పిండేసుకుంటున్నాడు. అప్పటి నిబంధనల ప్రకారం తూకం పోటీకి ముందు రోజు సాయంత్రమే. తూగాడు. కానీ తర్వాత ఎంత నీళ్ళు తాగినా ఒళ్ళు తేరుకోలేదు, కిడ్నీలు పనిచేయడం ఆపేశాయి, ఆస్పత్రిలో చేర్చారు. మర్నాడు 96 కిలోల పోటీలు అతను లేకుండానే జరిగాయి. నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి మ్యాట్ మీద కాలు కూడా పెట్టలేదు. రెండు రోజుల ముందు అతని జట్టులోని 21 ఏళ్ళ హెన్రీ సెహుడో 55 కిలోల్లో స్వర్ణం గెలిచాడు, అతనూ తర్వాత యూఎఫ్‌సీలో రెండు బరువుల్లో ఛాంపియన్ అయ్యాడు. ఒకే జట్టు, ఒకే ఊరు, ఒకరికి స్వర్ణం, ఒకరికి సెలైన్.

బరువు దించడం అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. కొవ్వు కరిగించడం వేరు, అది వారాల తరబడి చేసే పని. పోటీ ముందు రెండు రోజుల్లో దిగేది కొవ్వు కాదు, నీళ్ళు. తాగడం మానేస్తారు, ఉప్పు మానేస్తారు, ఒంటికి ప్లాస్టిక్ కవర్ లాంటి సూటు వేసుకుని పరుగెత్తుతారు, ఆవిరి గదిలో కూర్చుంటారు. ఆ నీళ్ళలో కొంత రక్తంలోంచే పోతుంది, రక్తం చిక్కబడుతుంది, కిడ్నీలకు చేరే రక్తం తగ్గుతుంది, అదే సమయంలో కండరాలు చితికి వాటిలోని వ్యర్థాలన్నీ ఆ కిడ్నీల మీదే పడతాయి. కోర్మియే కోల్బీలో చదువుతున్న రోజుల్లోనే, 1997 చివర్లో, దాదాపు నెల రోజుల వ్యవధిలో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు ఇలా బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు, తూకాన్ని బౌట్ సమయానికి దగ్గరగా జరిపారు, ఒంట్లో నీళ్ళు సరిపడా ఉన్నాయో లేదో మూత్ర పరీక్ష చేసి మరీ బరువు కేటగిరీ నిర్ణయించడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ళ కింద రాష్ట్ర స్థాయి పోటీలకు పిల్లల్ని తీసుకెళ్ళాను. మా జట్టులో ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి, 46 కిలోల కేటగిరీ. అసలు బరువు 48 పైనే ఉండేది, 46లో పతకం ఖాయమని పేరు అందులో రాసింది నేనే, ఆ తప్పు నాది. రాత్రి పదకొండు గంటలకు పిల్లలు పడుకున్నారో లేదో చూద్దామని వెళ్తే బస ఇచ్చిన హాల్ వెనక చీకట్లో ఎవరో తాడాట ఆడుతున్న చప్పుడు. టార్చి వేసి చూస్తే ఆ అమ్మాయి. లోపల చెత్త వేసే నల్ల కవర్ చేతులకి రంధ్రాలు చేసి తొడుక్కుంది, దాని మీద రెండు స్వెట్టర్లు, తల మీద మంకీ క్యాప్. మే నెల సార్! పెదాలు తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. పక్కన ఒక సీసా ఉంది, నీళ్ళ సీసా కాదు, ఉమ్ముతున్న సీసా. నన్ను చూసి భయపడలేదు, "సార్, ఇంకా ఆరు వందల గ్రాములే. ఒక్క గుక్క నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తా, మింగను, ఒట్టు" అంది. చెయ్యి పట్టుకుంటే చర్మం కాలుతోంది కానీ చెమట లేదు. చెమట పట్టడం ఎప్పుడో ఆగిపోయింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది బీజింగ్. ఒలింపిక్ జట్టు కెప్టెన్, పక్కన డాక్టర్లు, కోచ్‌లు ఉన్నవాడికే అలా జరిగితే, టార్చి లైటు తప్ప ఏమీ లేని నా దగ్గర ఈ పిల్లకు ఏమైనా అయితే? కవర్ చింపేశాను. ఓఆర్ఎస్ కలిపి చెంచా చెంచాగా తాగించాను, పక్కనే కూర్చుని తెల్లవారేదాకా ఫ్యాను కింద ఉంచాను. పొద్దున తూకానికి పంపలేదు. ఆ అమ్మాయి నాతో నెల రోజులు మాట్లాడలేదు, వాళ్ళ నాన్న కూడా, పతకం పోయింది కదా సార్ మీ వల్ల, అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది, కానీ ఆ రాత్రి మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తాను. మా పిల్లకి ఈ కవర్ ఉపాయం ఎవరు నేర్పారని తర్వాత అడిగితే ఫోన్‌లో చూశానంది. ఫైటర్లు బరువు దించే వీడియోలు, కింద వేలాది మెచ్చుకోళ్ళు. ఆస్పత్రిలో పడ్డవాళ్ళ వీడియో ఆమెకు ఎవరూ చూపించలేదు.

అందుకే అడుగుతున్నాను, అంత పెద్ద వ్యాసంలో ఆ ఆస్పత్రికి ఒక పేరా ఎందుకు లేదని.

2024 ఆగస్టు వచ్చింది, పారిస్. వినేశ్ ఫోగట్ 50 కిలోల్లో, అప్పటిదాకా అంతర్జాతీయ బౌట్ ఒక్కటీ ఓడని జపాన్ అమ్మాయి యుయి సుసాకిని మొదటి రౌండ్లోనే ఓడించి ఫైనల్‌కు వెళ్ళింది, మర్నాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీ నుంచే తప్పించారు. వినేశ్ అంతకు ముందు ఆడుతూ వచ్చింది 53 కిలోల్లో. రాత్రంతా పరుగెత్తి, ఆవిరి పట్టి, జుట్టు కూడా కత్తిరించుకుని రెండున్నర కిలోలకు పైగా దించింది, చివరికి ఒంట్లో నీళ్ళు లేక ఆమెనూ వైద్యానికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజు టీవీల్లో కుట్ర అన్నారు, తప్పు కోచ్‌దా డాక్టర్‌దా అన్నారు, మీ పత్రిక కూడా నాలుగు రోజులు మొదటి పేజీలో రాసింది. పదహారేళ్ళ కిందటి కోర్మియే సంగతి ఒక్కరికైనా గుర్తొచ్చిందా? వినేశ్‌ది 100 గ్రాముల లెక్క కాబట్టి అందరికీ తెలిసింది. కోర్మియే తూగాడు, అందుకే అతని కథ ఎవరికీ తెలియలేదు. కుస్తీ నేర్పేవాళ్ళకు మాత్రం ఈ రెండూ ఒకే జబ్బు.

ఇక ఎంఎంఏ గురించి మీరు రాసినదానికి కొంచెం కలుపుతాను, ఎందుకంటే అక్కడ కూడా కుస్తీ ఏం చేసిందో మీ వ్యాసంలో కనిపించలేదు. కుస్తీలో వీపు నేలకు ఆనితే ఆట అయిపోయినట్టే. అందుకే చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఇంకిపోయే అలవాటు ఏమిటంటే కింద పడగానే బోర్లా తిరగడం. ఎంఎంఏ ఆడే ఇనుప వల చుట్టిన బరిలో, అంటే కేజ్‌లో, బోర్లా తిరిగితే వెనక నుంచి మెడకు చెయ్యి పడుతుంది. కేజ్‌లో వెల్లకిలా పడుకున్నవాడు కూడా పైవాడి మోచెయ్యి మెలేసి గెలవొచ్చు. మన రీతూ ఫోగట్‌నే చూడండి, 2017లో అండర్-23 ప్రపంచ పోటీల్లో రజతం గెలిచిన కుస్తీ అమ్మాయి, ఎంఎంఏలోకి వెళ్ళి గెలుస్తూ 2021 డిసెంబరులో వన్ ఛాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థ పెట్టిన గ్రాండ్ ప్రి టోర్నీ ఫైనల్ దాకా వచ్చి థాయ్‌లాండ్ ఫైటర్ స్టాంప్ ఫెయిర్‌టెక్స్ చేతిలో అలాగే మోచేతి పట్టుకు చిక్కి ఓడింది. అంటే కుస్తీ వచ్చినంత మాత్రాన కేజ్‌లో నెగ్గుకురాలేరు, కొత్తవి నేర్చుకోవాలి, పాతవాటిలో కొన్ని మరిచిపోవాలి. కోర్మియే ముప్పై ఏళ్ళ వయసులో శాన్ హోసేలో అమెరికన్ కిక్‌బాక్సింగ్ అకాడమీలో చేరి, అప్పటికే ఆరితేరినవాళ్ళ చేత దెబ్బలు తింటూ ఒకటో తరగతి పిల్లాడిలా మొదలుపెట్టాడు.

అయినా పాత పట్టు పోలేదు. అతనికి బాగా కుదిరిన పట్టు ఒకటుంది, మా పిల్లలకు చూపించడానికి ఆ క్లిప్ ఆపి ఆపి వేస్తాను. ముందు ఎదుటివాడి మెడ వెనక చెయ్యి వేసి కిందికి లాగుతాడు, వాడు తల ఎత్తడానికి ఒళ్ళు బిగించిన ఆ క్షణంలోనే కిందికి దూరి తొడల మధ్య నుంచి చెయ్యి పోనిచ్చి పట్టుకుంటాడు, తల వాడి పక్కటెముకలకు ఆనించి, నడుం వంచకుండా మోకాళ్ళ బలంతో లేస్తాడు. అంతే, ఎదుటివాడు ధాన్యం బస్తాలా భుజం మీదికి వచ్చేస్తాడు. 2012లో జోష్ బార్నెట్‌ను, 2014లో డాన్ హెండర్సన్‌ను అలాగే ఎత్తి పడేశాడు. హెండర్సన్ మామూలువాడు కాదు, అతనూ రెండు ఒలింపిక్స్‌లో నడుం కింద పట్టు పట్టకూడని గ్రీకో-రోమన్ కుస్తీ ఆడినవాడు. ఇది కేజ్‌లో నేర్చుకున్న విద్య కాదు సార్, లాఫయెట్‌లో, కోల్బీలో, ఓక్లహోమాలో చెవులు చితికి ముద్దలయ్యేదాకా చేసిన సాధన.

బీజింగ్ భయం కూడా కేజ్ దాకా వెంట వచ్చింది. 5 అడుగుల 11 అంగుళాల మనిషి, తనకంటే తలపైకి ఎత్తున్న హెవీవెయిట్‌లతో ఏళ్ళ తరబడి ఆడాడు. అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ కేన్ వెలాస్కెజ్ అతని స్నేహితుడు, ఒకే జిమ్, అతనితో తలపడనన్నాడు. 205 పౌండ్లకు, అంటే 93 కిలోలకు దిగడం తప్ప దారి లేదు. ఒలింపిక్స్‌లో కిడ్నీలు పాడైన బరువుకంటే ఇది ఇంకా మూడు కిలోలు తక్కువ! మళ్ళీ ఏమవుతుందోనని భయపడ్డానని తనే చెప్పుకున్నాడు. 2014లో దిగాడు, 2015 మే నెలలో ఆ బరువులో ఛాంపియన్ అయ్యాడు. 2018 జూలైలో స్టైపె మియోచిచ్‌ను మొదటి రౌండ్లోనే పడగొట్టి హెవీవెయిట్ బెల్టు కూడా గెలిచాడు. ఆ విజయం ఫొటో మీరు వేశారు. అందులో అతను ఎందుకు అంతలా ఏడుస్తున్నాడో మా పిల్లలు నన్ను అడిగారు. బెల్టు గెలిచినందుకే అయి ఉండొచ్చు. నేను మాత్రం వాళ్ళకు ఆరు ఓటముల గురించి, మూడు నెలల పాప గురించి, ఏథెన్స్ గురించి, బీజింగ్ గురించి చెప్పాను. చెప్తుంటే ఒక్కరూ కదల్లేదు. గంట కొట్టినా లేవలేదు.

ఇంకో సంగతి కూడా మీరు రాయలేదు. పేరూ డబ్బూ వచ్చాక కూడా అతను కుస్తీని వదల్లేదు. కాలిఫోర్నియాలో గిల్‌రాయ్ హైస్కూల్లో పిల్లలకు కుస్తీ నేర్పుతూ వచ్చాడు. ఛాంపియన్‌గా ఉన్న రోజుల్లో కూడా బడి పిల్లల బౌట్ల పక్కన కుర్చీలో కూర్చుని అరుస్తూ ఉండేవాడు. బడి మ్యాట్ పక్కన కూర్చునేవాడికి, నాకు, అది చదివినప్పుడు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

నా కోరిక చిన్నది. అదే పేజీలో, అంతే స్థలంలో అతని కుస్తీ రోజుల గురించి ఇంకో వ్యాసం వేయండి. బరువు దించడం గురించి ఒక స్పోర్ట్స్ డాక్టరుతో మాట్లాడి అందులో ఒక బాక్స్ కట్టండి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆపాలో కోచ్‌లకు తెలిసేట్టు: చెమట ఆగిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, మాట తడబడటం. జిల్లా పోటీల సీజన్ మొదలయ్యేలోపు వస్తే ఇంకా మంచిది. రాష్ట్ర పోటీలు నిర్వహించే పెద్దలను కూడా అడగండి, తూకం రోజు మన దగ్గర పిల్లల ఒంట్లో నీళ్ళు ఉన్నాయో లేదో చూసేవాళ్ళు ఎవరని.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, 53 కిలోల్లో ఆడుతోంది, ఆకలేస్తే తింటుంది, దాహమేస్తే తాగుతుంది. సెలవులకు వచ్చినప్పుడు మా చిన్న పిల్లలకు పట్లు నేర్పుతుంది. మీ వ్యాసం గోడకు అంటించింది ఆమే. పక్కన ఇంకో పేజీకి సరిపడా చోటు వదిలింది, సార్ ఉత్తరం రాస్తారు కదా, రెండోది వస్తుంది, అని పిల్లలకు చెప్పి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
నిజామాబాద్ జిల్లా